గువ్వల వేటకు ఏ చోక్, ఏ సైజు గుళ్లు: చాలా సీజన్లు వాడాక నా మాట

అసలు విషయం ముందే చెప్పేస్తాను. నా 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత) సెమీ ఆటోమేటిక్ తుపాకీ గొట్టానికి ఇప్పుడు బిగించి ఉన్నది ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్, అంటే అందరూ ఐసీ అనేది. వేట బ్యాగులో ఉన్నవి ఒక ఔన్సు గుళ్లున్న 7½ నంబర్ షెల్స్, అంటే తూటాలు. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. సీజన్‌లో ఎక్కువ భాగం ఈ రెండింటినీ మార్చను. మిగతా చోక్ ట్యూబులన్నీ (గొట్టం చివర మరలతో బిగించేవి) వాడి చూశాకే ఇక్కడికి వచ్చాను కాబట్టి, ఏది ఎక్కడ పనికొచ్చిందో, ఏది డబ్బాలోనే ఉండిపోయిందో రాస్తున్నాను. ఇదంతా టెక్సాస్‌లో, లైసెన్సుతో, సెప్టెంబరులో మొదలయ్యే సీజన్ సంగతి. ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద వేట నిషేధం, అక్కడి వాళ్లు ఊరికే చదువుకోవడానికే ఇది.

చోక్ అంటే గొట్టం చివర ఉండే చిన్న బిగింపు, అంతే. 12 గేజ్ గొట్టం లోపలి వెడల్పు సుమారు 0.729 అంగుళాలు. స్కీట్ చోక్ దాన్ని 0.005 అంగుళం తగ్గిస్తుంది, ఐసీ 0.010, మోడిఫైడ్ 0.020, ఫుల్ 0.035 లేదా ఆ పైన. కంపెనీని బట్టి ఇవి కాస్త మారతాయి. గుళ్లు 40 గజాలు వెళ్లాక 30 అంగుళాల వృత్తంలో ఎన్ని శాతం పడ్డాయన్నదే పాత కొలమానం: చోక్ లేని సిలిండర్‌కి 40, ఐసీకి 50, మోడిఫైడ్‌కి 60, ఫుల్‌కి 70. పుస్తకం లెక్క ఇది. తుపాకీకి ఈ పుస్తకం తెలియదు.

అందుకే ట్యూబులు కొనగానే పెద్ద కాగితం మీద కాల్చి చూడమంటాను. నాలుగడుగుల వెడల్పు కాగితం నిలబెట్టి, మధ్యలో చుక్క పెట్టి, 40 గజాల నుంచి ఒక్క షెల్ కాలుస్తాను. తర్వాత గుళ్లు దట్టంగా పడ్డ చోటు చూసుకుని దాని చుట్టూ 30 అంగుళాల వృత్తం గీస్తాను. మార్కర్‌తో ఒక్కో చిల్లుకీ టిక్కు పెడుతూ లెక్కపెట్టాలి, విసుగు పుట్టించే పనే. అదే బ్యాచ్ షెల్ ఒకటి కోసి లోపలి గుళ్లు కూడా లెక్కేస్తే శాతం తేలుతుంది. ఒకే షెల్‌తో తీర్పు చెప్పకూడదు, ప్రతి ట్యూబుకీ కనీసం కొన్ని కాగితాలైనా కావాలి. 40 గజాల దగ్గర నా గొట్టంలో ఐసీ, మంచి టార్గెట్ షెల్స్‌తో (ప్రాక్టీసు షూటింగ్ కోసం చేసేవి), 60 శాతానికి అటూఇటూ వచ్చింది. పేరు ఐసీ, పని మోడిఫైడ్ అన్నమాట. ఇప్పటి ప్లాస్టిక్ వాడ్ (షెల్ లోపల గుళ్లని పట్టి ఉంచే కప్పు), గట్టి సీసం గుళ్లు వల్ల ఇలా జరగడం మామూలే. మోడిఫైడ్ అయితే దాదాపు ఫుల్ లాగే వేసింది. ఈ కాగితాలు చూశాకే నా ఎంపిక ఒక మెట్టు వదులు వైపు జరిగింది.

ఫుల్ చోక్ గురించి చాలామందికి ఒక నమ్మకం ఉంది, అది పెడితే తుపాకీ ఎక్కువ దూరం కొడుతుందని. గుండు వేగం, బరువు మారనప్పుడు దూరం ఎక్కడి నుంచి వస్తుంది? గుళ్ల గుంపు విడిపోకుండా మరికాస్త దూరం పట్టి ఉంచడమే ఫుల్ చేసే పని. 20 గజాల దగ్గర ఫుల్ చోక్ గుంపు వెడల్పు సుమారు 16 అంగుళాలు, ఐసీది 26. పంపు చెరువు దగ్గరో, పొద్దుతిరుగుడు చేను అంచునో కూర్చున్నప్పుడు గువ్వలు వచ్చేది ఎక్కువగా 20 నుంచి 30 గజాల లోపే. ఆ దూరంలో ఫుల్ పెడితే రెండే జరుగుతాయి: గుళ్ల గుంపంతా పక్కనుంచి పోతుంది, లేదా తగిలిన గువ్వ తినడానికి పనికిరాకుండా పోతుంది. నా ఫుల్ ట్యూబ్ కొత్తదానిలాగే మెరుస్తోంది.

గుళ్ల సైజు దగ్గర కొంచెం లెక్క చేద్దాం, దీనిమీదే వాదనలన్నీ. సీసం గుళ్లు ఒక ఔన్సుకి 9 నంబరువి దాదాపు 585, 8వి 410, 7½వి 350, 6వి 225 ఉంటాయి. 30 అంగుళాల వృత్తం వైశాల్యం సుమారు 707 చదరపు అంగుళాలు. సగం గుళ్లు అందులో పడ్డాయనుకుంటే, 8తో ఒక్కో గుండు వాటాకి మూడున్నర చదరపు అంగుళాల లోపు వస్తుంది, 7½తో నాలుగు, 6తో ఆరుకి పైనే. గువ్వ బరువు మొత్తం 120 గ్రాములకి అటూఇటూ. రెక్కలు, ఈకలు తీసేస్తే మనకి తగలాల్సిన భాగం చాలా చిన్నది. 6 నంబరుతో ఆ చిన్న భాగం గుళ్ల మధ్య సందులో పడి తప్పించుకోవడానికి వీలెక్కువ. పెద్ద గుండు గట్టిగా తగులుతుంది, నిజమే. తగిలితే కదా.

9 నంబరుది వేరే కథ. వందలకొద్దీ గుళ్లు, దగ్గర దూరంలో అద్భుతం. కానీ చిన్న గుండు వేగం త్వరగా పోగొట్టుకుంటుంది. 30 గజాలు దాటాక పడ్డ గువ్వల్ని శుభ్రం చేస్తుంటే తేడా కనిపించేది: గుండు ఈకను చర్మంలోకి లాక్కెళ్లి, రొమ్ము కండ పైపొరలోనే ఆగిపోయి ఉండేది. వేలితో నొక్కితే చర్మం కిందే జారుతూ తెలిసేది. 7½ అదే దూరంలో కండ దాటి లోపలిదాకా వెళ్లి ఉండేది. పైగా 9తో కొట్టిన మాంసంలో గుళ్లు ఏరడం పెద్ద తలనొప్పి, ఎంత ఏరినా ఒకటి పంటి కింద పడుతుంది. 9 ఇప్పుడు గాల్లోకి విసిరే మట్టి పళ్లేల మీద ప్రాక్టీసుకి మాత్రమే.

ఇక 7½, 8 మధ్య గొడవ. ఏళ్ల తరబడి రెండూ కాల్చాను. ఎదురుగా వచ్చే గువ్వకీ, అడ్డంగా దాటే గువ్వకీ ఈ రెండింటి మధ్య తేడా తెలుసని ఎవరైనా అంటే నేను నమ్మను. వెళ్లిపోతున్న గువ్వకి వెనక నుంచి కొట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం గుండు తోక, పొట్ట దాటి ముందుకి చేరాలి, అక్కడ 7½కి కాస్త మొగ్గు ఉంది. నేను 7½ దగ్గర ఆగింది అందుకే. షాపులో 8 మాత్రమే దొరికితే 8 తెచ్చుకుని హాయిగా నిద్రపోతాను.

నంబరు కంటే గుండు గట్టిదనం చూసుకోవడం ముఖ్యం. సీజన్ ముందు డవ్ అండ్ క్వెయిల్ అని రాసి కుప్పలు పోసే చవక పెట్టెలు కొన్నిట్లో సీసం మెత్తది. ప్లయర్‌తో నొక్కితే ఇట్టే సాగిపోతుంది. అలాంటి గుండు గొట్టంలోనే చపటైపోయి, బయటికొచ్చాక దారి తప్పుతుంది. నా కాగితాల మీద ఈ పెట్టెల గుంపులు ఒక పక్క చిల్లులు కిక్కిరిసి, ఇంకో పక్క గువ్వ పట్టేంత ఖాళీలతో కనిపించాయి. వించెస్టర్ ఏఏ లాంటి టార్గెట్ షెల్స్‌లో యాంటిమొనీ ఎక్కువ కలిపిన గట్టి సీసం ఉంటుంది, గుంపు సమంగా పరుచుకుంటుంది. ఒక ఔన్సు చాలు, ఒకటింపావు ఔన్సు ఫీల్డ్ లోడ్లు (బరువైన వేట షెల్స్) అక్కర్లేదు. గువ్వల వేటలో ఒక సాయంత్రం కాల్చే షెల్స్ ఎక్కువ, భుజం సంగతి కూడా చూసుకోవాలి.

సీసం బదులు స్టీల్ గుళ్ల గురించి అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు. కొన్ని ప్రభుత్వ భూముల్లో సీసం వాడకూడదు కాబట్టి అది తప్పదు కూడా, వెళ్లేముందు ఆ భూమి నిబంధనలు చూసుకోవాలి. స్టీల్ సీసం కంటే తేలిక, అందుకని ఒకటి రెండు సైజులు పెద్దవి తీసుకుంటారు, 7½ సీసం బదులు 7 లేదా 6 స్టీల్. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ 2008, 2009 సీజన్లలో పెద్ద పరీక్ష చేయించింది. ఎవరు ఏ షెల్ కాలుస్తున్నారో వేటగాళ్లకి తెలియనివ్వలేదు. 7½ సీసానికీ, 6, 7 స్టీల్‌కీ మధ్య పడిన గువ్వల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రతి మూడు షెల్స్‌లో దాదాపు రెండు అసలు తగల్లేదు, ఏ లోహమైనా. స్టీల్ పనిచేయదని కసిరే పెద్దమనుషులకి నేను ఈ సంగతే చెబుతాను. నా అనుభవం కూడా దీనికి దగ్గరగానే ఉంది, ఒక్క మాట తప్ప: స్టీల్ గుండు చపటకాదు కనక గుంపు బిగుతుగా వెళ్తుంది. సీసానికి మోడిఫైడ్ వాడేచోట స్టీల్‌కి ఐసీ, ఐసీ వాడేచోట స్కీట్ పెట్టుకుంటే సరి. స్టీల్‌ని ఫుల్ చోక్‌లోంచి కాల్చొద్దు, ట్యూబ్ ఉబ్బి గొట్టంలో ఇరుక్కోవచ్చు. ట్యూబ్ మీద స్టీల్‌కి పనికొస్తుందో లేదో రాసి ఉంటుంది, చూసుకోండి. పాత తుపాకీ అయితే తెలిసినవాళ్లని అడక్కుండా స్టీల్ వేయనే వద్దు.

మోడిఫైడ్‌కి నా దగ్గర పని లేదని కాదు. సీజన్ మొదటి వారాలు దాటాక, కాల్పులు రుచి చూసిన గువ్వలు ఎత్తులో పోతాయి. దక్షిణాన వైట్‌వింగ్ గువ్వలైతే ఒళ్లు కాస్త పెద్దవి, గుంపులుగా ఎత్తునే వస్తాయి. అప్పుడు మోడిఫైడ్, 7½ పెడతాను. కంపెనీ బయట కొనే పొడుగాటి చోక్ ట్యూబులు కూడా ప్రయత్నించాను. చేత్తో తిప్పి మార్చుకోవడానికి సుఖం, చూడ్డానికి బాగుంటాయి. కాగితం మీద మాత్రం తుపాకీతో వచ్చిన ట్యూబ్‌కీ దానికీ కనిపెట్టగల తేడా లేదు. అవి కొనే డబ్బుతో షెల్స్ కొనుక్కుని ప్రాక్టీసు చేయడం మేలు.

దూరం అంచనా రాకపోతే ఈ చర్చంతా వృథా. ఖాళీ ఆకాశంలో గువ్వ ఎంత దూరంలో ఉందో కన్ను చెప్పలేదు. నేను స్టూల్ వేసుకున్నాక మొదట చేసే పని చుట్టూ ఉన్న కంచె రాయినో, చెట్టునో లేజర్ రేంజ్‌ఫైండర్‌తో కొలుచుకోవడం. 35 గజాల దగ్గర ఉన్న గుర్తు దాటి పోయేదాన్ని వదిలేస్తాను. గాయపడి చేలో పడి దొరకని గువ్వని నేను లెక్కలో వేసుకుంటాను, రోజుకి 15 అనే పరిమితిలో. పడ్డదాని మీద నుంచి చూపు తిప్పకుండా నడిచి వెళ్లి తెచ్చుకోవడం, అది దొరికాకే రెండోదానికి కాల్చడం నా పద్ధతి.

20 గేజ్ వాడేవాళ్లకి ఒక మాట. 7/8 ఔన్సులో 7½ గుళ్లు 300 పైచిలుకు ఉంటాయి, 30 గజాల లోపు అవి చాలు. ఐసీయే పెట్టుకోండి.

ట్యూబుల సంరక్షణ పెద్ద పనేం కాదు గానీ మరిచిపోకూడదు. తుపాకీ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే గొట్టం చివర చేయి పెట్టాలి. కాల్చాక ట్యూబ్ విప్పి, మరలకి పట్టిన మసి, ప్లాస్టిక్ తుడిచి, చోక్ గ్రీజు పలచగా రాయాలి. పట్టుకుపోతే విప్పడం నరకం. వదులైన ట్యూబుతో కాల్చకూడదు, గుళ్లూ వాడూ దాని అంచుకి తగిలితే ట్యూబే కాదు, గొట్టం కూడా పోతుంది. అసలు ట్యూబ్ లేకుండా కాల్చినా లోపలి మరలు పాడవుతాయి. ఒక కంపెనీ ట్యూబ్ ఇంకో కంపెనీ గొట్టంలో పట్టినట్టు కనిపించినా బలవంతంగా తిప్పొద్దు, మరల లెక్కలు వేరు. చాలా ట్యూబుల అంచున గాట్లు ఉంటాయి, ఒక గాటంటే ఫుల్, నాలుగంటే ఐసీ. చీకట్లో బయల్దేరేటప్పుడు గోటితో తడిమి సరైనదే పెట్టామో లేదో చూసుకోవచ్చు.