కీబోర్డులో పాట రికార్డింగ్: సొంత మెమరీ, పెన్‌డ్రైవ్, ఫోన్.. ఏది మేలు?

పోయిన ఏడాది బతుకమ్మకు హన్మకొండలో మా గల్లీ ఆటకు నా కీబోర్డే మోగింది. డీజే పెడితే చెవులు పగులుతున్నాయని పెద్దవాళ్లు గొడవ చేశారు, ఇంకేం, "నీకు క్యాసియో వచ్చు గదా తమ్మీ, నువ్వే వాయించు" అని నా మీద పెట్టారు (మా దగ్గర ఏ కంపెనీ కీబోర్డయినా క్యాసియోనే, నాది అది కాకపోయినా). రోజూ రెండు మూడు గంటలు కూర్చుని వాయించే ఓపిక నాకు లేదు. అందుకని ముందే నాలుగు వరసలు పెన్‌డ్రైవులోకి రికార్డు చేసుకుని, పెద్ద స్పీకరుకు తగిలించి, ఎంగిలిపూల రోజు చేతులు కట్టుకుని హాయిగా నిలబడ్డాను.

రెండో చరణానికే పాట ఎత్తుకునే అక్క చెయ్యి ఊపింది. "జర కిందికి దించు తమ్మీ, గొంతు అందుతలేదు."

దించడానికి అక్కడేముంది? హార్మోనియం వాళ్ల లెక్కలో సఫేద్ నాలుగులో (నాలుగో తెల్ల మెట్టు శ్రుతి) వాయించాను, పెన్‌డ్రైవులో పాట సఫేద్ నాలుగులోనే ఉంది. ఐదు రోజులు పాపం వాళ్లు గొంతు చించుకునే పాడారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆట ఉండదు కదా, ఆ సాయంత్రం కూర్చుని అవే వరసలు కీబోర్డు సొంత మెమరీలో మళ్లీ రికార్డు చేశాను. ఏడో రోజు కీబోర్డునే తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) మూడు మెట్లు, నల్లవి కూడా లెక్కేసి, కిందికి నొక్కితే పాట మొత్తం సఫేద్ రెండుకు దిగింది. ఆట ఊపందుకున్నాక టెంపో 92 నుంచి మెల్లమెల్లగా 118 దాకా పెంచాను, చప్పట్లతో పాటే. ఇది పెన్‌డ్రైవుతో అయ్యే పని కాదు.

అప్పటిదాకా రికార్డింగ్ అంటే రికార్డింగే, ఎక్కడ చేస్తే ఏంటి అనుకునేవాణ్ని. తేడా ఎక్కడుందంటే, కీబోర్డు సొంత మెమరీ శబ్దాన్ని పట్టుకోదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, ఏ వాయిస్ (ఏ వాయిద్యం శబ్దం) పెట్టుకున్నారు, ఇవి మాత్రమే రాసుకుంటుంది. మళ్లీ ప్లే నొక్కినప్పుడు ఆ రాత చూసి తనే కొత్తగా వాయిస్తుంది. స్వరలిపి చూసి వాయించే మనిషి అనుకోండి, శ్రుతి మార్చమంటే మారుస్తాడు, తొందరగా వాయించమంటే వాయిస్తాడు. దీన్నే మిడి అంటారు, 1983లో వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికని తెచ్చిన పద్ధతి, ఇవాళ్టికీ ప్రాణంతో ఉంది. పెన్‌డ్రైవులో వేవ్ ఫైలుగా దిగేది మాత్రం అచ్చంగా శబ్దం, పాత రోజుల్లో క్యాసెట్ మీదికి ఎక్కినట్టే.

సొంత మెమరీలో నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. నాలాగా నేర్చుకుంటూ ఉన్నవాళ్లకు రెండు చేతులు ఒకేసారి కుదరవు. ముందు ఎడమ చేత్తో కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు), రిథమ్ ఒక ట్రాకులో ఎక్కించి, దాన్ని ప్లే చేస్తూ కుడి చేతి వరస రెండో ట్రాకులో వాయించవచ్చు. వేగం అందకపోతే 60లో రికార్డు చేసుకుని 100లో వినండి, శ్రుతి వీసమెత్తు కూడా మారదు. మోసమే, కానీ ఎవరికి తెలుస్తుంది! అసలు లాభం వినడంలో ఉంది. వాయిస్తున్నప్పుడు మన తప్పులు మనకు వినపడవు, చేతుల మీద ధ్యాస ఉంటుంది కాబట్టి. చేతులు ఖాళీగా పెట్టుకుని విన్నప్పుడు, ప్రతి చరణం చివర నేను ఎట్లా తొందరపడుతున్నానో మొదటిసారి తెలిసింది. నెల రోజులు మాస్టారు చెప్తూనే ఉన్నారు, నేను నమ్మలేదు.

ఇక దీని ఇబ్బందులు. నా కీబోర్డు మెమరీలో ఐదు పాటలకే చోటు, రెండే ట్రాకులు. ఖరీదు పెరిగేకొద్దీ ఆరు ట్రాకులు, పదహారు ట్రాకులు అని పెరుగుతాయి, కానీ ఇంట్లో వాయించేవాళ్లకు రెండు కూడా తక్కువేం కాదు. పాత పాట ఉన్న చోట మళ్లీ రెక్ నొక్కితే పాతది పోతుంది, అడగదు, హెచ్చరించదు. దసరా సెలవుల్లో మా అల్లుడు (అక్క కొడుకు, ఆరేళ్లు) వచ్చి ఎర్ర లైటు బాగుందని ఆ బటన్ నొక్కి రెండు నిమిషాలు టపటపలాడించాడు, నా మూడో పాట గాలికి పోయింది. అరగంట ముట్టకపోతే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు కూడా చాలా కీబోర్డుల్లో ఉంటుంది, కాబట్టి వాయించడం అవగానే ముందు రికార్డింగ్ ఆపండి, చాయ్ తర్వాత తాగొచ్చు.

గొంతు ఇందులో ఎక్కదు. ఎట్లా ఎక్కుతుంది, అది రాసుకునేది మెట్లను కదా. పాడుతూ వాయించేవాళ్లు ఇక్కడే ఇంకో దారి వెతుక్కోవాలి.

ఈ పాటను వేరే కీబోర్డులో పెట్టి వినాలంటే ఇంకో చిక్కు. 1991లో జనరల్ మిడి అని 128 వాయిస్‌లకు ఒకే వరస నంబర్లు పెట్టారు, పియానో, వేణువు లాంటి మామూలు వాయిస్‌ల వరకు ఎక్కడైనా దాదాపు అదే వాయిద్యం పలుకుతుంది. కానీ మన ఇండియన్ మోడళ్లలో తబలా, షెహనాయ్, హార్మోనియం అని కంపెనీలు సొంతంగా పెట్టినవి ఉంటాయి చూడండి, అవి ఇంకో కీబోర్డులో ఇంకేదో అయి కూర్చుంటాయి. నా బతుకమ్మ వరసను మా దోస్తు కీబోర్డులో పెడితే షెహనాయ్ ఉన్న చోట ఏదో బూర లాంటిది మోగింది, ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

పెన్‌డ్రైవ్ రికార్డింగ్ సరిగ్గా ఇక్కడ గెలుస్తుంది. మీ స్పీకర్లో ఏది వినపడిందో అదే ఫైలు అవుతుంది, ఎక్కడ పెట్టినా అట్లాగే వినపడుతుంది. ఫ్యాన్ చప్పుడు ఉండదు, కుక్కర్ విజిల్ ఉండదు, కింద ఆటోవాడి హారన్ ఉండదు. చోటు మాత్రం తింటుంది: సీడీ నాణ్యతలో నిమిషానికి పది ఎంబీ పైనే, ఐదు నిమిషాల పాట యాభై ఎంబీ దాటుతుంది. అదే పాట మిడి ఫైలుగా అయితే మామూలుగా వంద కేబీ లోపే. ఇప్పటి పెన్‌డ్రైవులకు యాభై ఎంబీ లెక్కే కాదు గానీ వాట్సాప్‌లో పంపేటప్పుడు తెలుస్తుంది (పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపడం మేలు). కొత్తగా కొన్న పెద్ద పెన్‌డ్రైవును కీబోర్డు గుర్తుపట్టకపోతే పాడైందని వాపస్ ఇవ్వకండి, ఫ్యాట్32లో (పెన్‌డ్రైవులో ఫైళ్లు సర్దే ఒక పద్ధతి) ఫార్మాట్ చేసి చూడండి. కీబోర్డులోనే ఫార్మాట్ ఆప్షన్ ఉంటే అక్కడే చేయడం ఇంకా మంచిది, లోపల ఏమైనా ఫైళ్లుంటే ముందే తీసుకుని.

పెన్‌డ్రైవుతో బాధ ఏంటంటే నాలుగో నిమిషంలో ఒక్క మెట్టు తప్పు పడితే మొదటి నుంచీ మళ్లీ. టెన్షన్‌కు వేళ్లు బిగుసుకుపోతాయి, మళ్లీ అక్కడే తప్పుతారు, నేను ఒక్క పాటకు పదకొండు సార్లు తప్పాను. అందుకే ఇప్పుడు రెండూ కలిపి చేస్తున్నాను: ముందు సొంత మెమరీలో ఒక్కో ట్రాకు తీరిగ్గా ఎక్కించి, తప్పులు దిద్దుకుని, శ్రుతి, టెంపో ఖాయం చేసుకున్నాక, పెన్‌డ్రైవ్ రికార్డింగ్ ఆన్ చేసి మెమరీలోని పాటను ప్లే చేస్తాను. కీబోర్డు తనను తానే వాయించుకుంటుంది, ఫైలు తయారవుతుంది, నేను పక్కన కూర్చుని పల్లీలు తింటాను. రెండు సౌకర్యాలూ ఉన్న కీబోర్డు మీ ఇంట్లో ఉంటే ఈ పద్ధతి ముందు నేర్చుకోండి.

వేవ్ ఫైలు శ్రుతిని ఫోన్ యాప్‌తో మార్చొచ్చు కదా అంటారేమో. మార్చొచ్చు. ఒకటి రెండు మెట్ల వరకు పర్వాలేదు, అంతకు మించి లాగితే డప్పు దెబ్బ మెత్తబడుతుంది, షెహనాయ్ ముక్కుతో ఏడుస్తుంది. మిడిలో ఆ గొడవ లేదు, శ్రుతి దించినా డప్పు డప్పులాగే ఉంటుంది.

ఫోన్ విషయానికొస్తే, అందరూ మొదట చేసేది దాన్ని కీబోర్డు పక్కన పెట్టి రికార్డర్ నొక్కడమే. పైసా ఖర్చు లేదు, పైగా పాడే గొంతు కూడా వస్తుంది. కాజీపేటలో చర్చి క్వైర్‌కు వాయించే మా దోస్తు క్రిస్మస్‌కు ముందు పాటల్ని ఇట్లాగే చేసి గ్రూపులో పెడతాడు, ఎవరి ఇంట్లో వాళ్లు ప్రాక్టీస్ చేసుకుంటారు. ఆ పనికి ఇది చాలు, ఇంకేదీ అక్కర్లేదు. కానీ ఫోన్ రికార్డర్ మనుషుల మాట కోసం చేసింది. మెల్లగా వాయిస్తే తనే పెంచుతుంది, గట్టిగా వాయిస్తే తనే తగ్గిస్తుంది, మీరు కష్టపడి పలికించిన హెచ్చుతగ్గులన్నీ చదును చేసి పెడుతుంది. కీబోర్డును ఆనించి పెట్టకండి, మెట్ల టకటక శబ్దం బల్ల గుండా ఎక్కుతుంది. నాలుగడుగుల దూరంలో, ఒక దిండు మీద పెట్టి, కీబోర్డు వాల్యూమ్ సగానికి కాస్త పైన ఉంచితే వినసొంపుగా వస్తుంది.

హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు వేసి ఫోన్లోకి నేరుగా పంపే ప్రయత్నం కూడా చేశాను. ఫోన్ జాక్‌కు నాలుగు లోహపు భాగాలున్న పిన్ కావాలి, నేను కొన్న మామూలు ఆక్స్ వైరుకు మూడే, ఫోన్ దాన్ని హెడ్‌ఫోన్ అనుకుని ఏమీ ఎక్కించుకోలేదు. సరైన వైరు దొరికినా మోనోలోనే వస్తుంది. వదిలేశాను.

నాలుగోది, కీబోర్డు వెనక యూఎస్‌బీ నుంచి ఫోన్ యాప్‌లోకో ల్యాప్‌టాప్‌లోకో మిడి పంపడం. చాలా కీబోర్డులకు ప్రింటర్‌కు పెట్టే చదరపు మూతి వైరే సరిపోతుంది, ఫోన్‌కైతే ఆ వైరును తగిలించే ఒక ఓటీజీ ముక్క అదనం. ట్రాకులకు లెక్క లేదు, ఒక్క తప్పు మెట్టును వేలితో జరిపి దిద్దొచ్చు, గొంతు కూడా వేరే ట్రాకులో కలపొచ్చు. అన్నీ బాగానే ఉన్నాయి కానీ మెట్టు నొక్కిన క్షణానికి కాక కాస్త ఆగి శబ్దం వస్తుంది ఫోన్లో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇక చెప్పనక్కర్లేదు, ఆలస్యానికి చెయ్యి తడబడుతుంది. పాటలు సొంతంగా కట్టేవాళ్లకు ఇది దారి. నాకైతే వాయించడం తక్కువ, స్క్రీన్ గీకడం ఎక్కువ అయింది.

నన్నడిగితే, నేర్చుకునేవాళ్లకూ, ఎవరైనా పాడుతుంటే వెనక మోగించాల్సినవాళ్లకూ సొంత మెమరీనే మేలు, రెండో మాట లేదు. బయటికి ఇవ్వాల్సిన పాటకు పెన్‌డ్రైవు. గొంతు ఉంటే ఫోన్. కొత్తగా కొనేవాళ్లు మాత్రం ఆరు వందల వాయిస్‌లున్నాయని దుకాణంవాళ్లు చెప్పే లెక్క పక్కన పెట్టి ఒక చిన్న పరీక్ష చేయండి: నాలుగు మెట్లు రికార్డు చేసి, స్విచ్ ఆపి, మళ్లీ వేసి, ప్లే నొక్కండి. పాట ఉందా? ప్లే అవుతుండగానే ట్రాన్స్‌పోజ్ మార్చండి. పాట దిగిందా? నేను చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో మా చెల్లెలి కోసం ఇట్లా చూస్తుంటే కౌంటర్ దగ్గరాయన "ఇవన్నీ ఎవరూ చూడరన్నా" అన్నాడు, అయినా మూడో కీబోర్డు పెట్టి చూపించాడు, అదే తెచ్చుకున్నాం.