పరుగుకు ఐదు పౌండ్లు: మేనల్లుడి బేస్‌బాల్ ఖాతాపై ఒక ఆడిటర్ సమీక్ష

సహకార సంఘాల ఆడిట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. పందెం కాసే అలవాటు లేదు, బేస్‌బాల్ చూసే అలవాటు అసలే లేదు. కానీ ఎవరి ఖాతా కాగితం కనిపించినా రెండు వైపులా కూడి చూడందే నాకు నిద్ర పట్టదు. ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు సెలవుపై శ్రీకాకుళం వచ్చి, తాను వాడే స్ప్రెడ్ బెట్టింగ్ (అంచనా ఎంత కుదిరితే అంత లాభం, ఎంత తప్పితే అంత నష్టం వచ్చే పందెం) సేవ తాలూకు స్టేట్‌మెంట్లను ఏడు రోడ్ల కూడలి దగ్గర ప్రింటు తీయించి నా ముందు పెట్టాడు. "మామయ్యా, గెలిచిన పందేలే ఎక్కువ కనిపిస్తున్నాయి, డబ్బు మాత్రం తరుగుతోంది. ఎక్కడ పోతోందో చూడు" అన్నాడు. ఆ కాగితాలన్నీ తిరగేశాక రాస్తున్న సమీక్ష ఇది. సంస్థ పేరు రాయను.

అమెరికాలో బేస్‌బాల్ పందెం పద్ధతి వేరు. అక్కడ ‘రన్ లైన్’ అని ఉంటుంది. బలమైన జట్టు నెత్తిన ఒకటిన్నర పరుగుల బరువు పెడతారు. ఆ జట్టు కనీసం రెండు పరుగుల తేడాతో గెలిస్తేనే దానిపై కాసినవాడు గెలిచినట్టు. ఎంత వస్తుందో, ఎంత పోతుందో ముందే ఖాయం. బ్రిటన్‌లో మా వాడు ఆడేది అది కాదు. ఇక్కడ సంస్థ ఒక మ్యాచ్‌కు రెండు అంకెలు చెబుతుంది. ఉదాహరణకు, రెండు జట్ల మొత్తం పరుగులు 8.7 - 9.1. అంతకంటే ఎక్కువ వస్తాయనుకుంటే 9.1 దగ్గర ‘కొనాలి’, తక్కువ వస్తాయనుకుంటే 8.7 దగ్గర ‘అమ్మాలి’. పరుగుకు ఐదు పౌండ్ల చొప్పున కొన్నాడనుకుందాం. మ్యాచ్ 8-5తో ముగిస్తే మొత్తం 13, లాభం 3.9 పరుగులు, అంటే 19.50 పౌండ్లు. 3-1తో ముగిస్తే మొత్తం 4, నష్టం 5.1 పరుగులు, అంటే 25.50. అంచనా ఎంత బాగా కుదిరితే అంత వస్తుంది, ఎంత తప్పితే అంత పోతుంది.

నరసన్నపేట బంగారు కొట్లలో కొనే రేటు, అమ్మే రేటు వేరుగా ఉన్నట్టే ఇదీను. కొట్టువాడి బతుకు ఆ రెండింటి మధ్య ఉన్న తేడాలో ఉంటుంది. ఈ పోలిక ఊరికే తట్టింది కాదు. బ్రిటన్‌లో ఈ వ్యాపారం మొదలైందే బంగారం ధర మీద. స్టూవర్ట్ వీలర్ అనే ఆయన 1974లో ఐజీ ఇండెక్స్ సంస్థ పెట్టింది బంగారం ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని పందెం కట్టించుకోవడానికే. ఆటల మీదికి ఆ తర్వాత పాకింది.

ఐపీఎల్ రోజుల్లో మన దగ్గర బుకీలు ‘సెషన్’ అంటూ, కొన్ని ఓవర్లలో వచ్చే పరుగులకు 46-47 అని రెండు అంకెలు చెబుతారు కదా, ఇదీ అదేనని కొందరు అనుకోవచ్చు. పైకి అలాగే ఉంటుంది. కానీ సెషన్‌లో ఒక్క పరుగు తేడాతో తప్పినా, ఇరవై పరుగుల తేడాతో తప్పినా పోయేది కాసిన సొమ్మే. ఇక్కడ ప్రతి పరుగుకూ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఇక మా వాడి లెక్క. వాడు ఎప్పుడూ అమ్మేవాడే. అమెరికా మేజర్ లీగ్‌లో ఒక మ్యాచ్‌కు రెండు జట్లూ కలిపి సగటున 9 పరుగుల దాకా చేస్తాయి. సగటు కంటే తక్కువ పరుగులొచ్చే మ్యాచ్‌లే సంఖ్యలో ఎక్కువని వాడు గమనించాడు. అది నిజమే. అందుకే స్టేట్‌మెంట్‌లో వరుసగా లాభం 8.50, లాభం 3.50, లాభం 13.50. నాలుగో వరుసలో నష్టం 56.50. ఆ మ్యాచ్ 11-9తో ముగిసింది. 8.7 దగ్గర అమ్మినవాడు 20 పరుగులకు 11.3 పరుగుల సొమ్ము చెల్లించుకోవాలి. మూడు గెలుపుల మొత్తం పాతిక పౌండ్ల చిల్లర, ఒక్క ఓటమి దానికి రెండింతలు దాటింది. పేజీ తర్వాత పేజీ ఇదే వరస.

బేస్‌బాల్‌లో డ్రా అన్నది దాదాపు ఉండదు కాబట్టి మొత్తం పరుగులు ఒకటికి తగ్గవు. 9.1 దగ్గర కొన్నవాడి నష్టం ఎంత పోయినా 40.50 పౌండ్లు. అమ్మినవాడికి అలాంటి గోడ లేదు. 2007లో టెక్సాస్ రేంజర్స్ బాల్టిమోర్ ఓరియోల్స్‌ను 30-3తో చిత్తు చేసింది. ఆ రోజు 8.7 దగ్గర అమ్మి ఉంటే 121.50 పౌండ్లు వదిలేవి. 1922లో షికాగో కబ్స్, ఫిలడెల్ఫియా ఫిలీస్ మ్యాచ్ 26-23. నలభై తొమ్మిది పరుగులు! "అవి ఎప్పటివో కదా" అన్నాడు. 2019లో వాళ్ల లండన్‌లోనే యాంకీస్, రెడ్ సాక్స్ 17-13 ఆడాయని చూపించాక మాట్లాడలేదు. మా అక్క మాత్రం ‘పందెమా?’ అని వంటింట్లోంచి తొంగి చూసింది. ఆ సంభాషణ ఇక్కడ అనవసరం.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ‘సుప్రీమసీ’ పందెం. ఆతిథ్య జట్టు ఎన్ని పరుగుల తేడాతో గెలుస్తుందన్నది దాని లెక్క. ధర 0.6 - 0.9 అనుకుందాం. ఆతిథ్య జట్టు గెలుస్తుందని 0.9 దగ్గర కొంటే, ఆ జట్టు ఒక్క పరుగుతో గెలిస్తే లాభం యాభై పెన్నీలు. ఒక్క పరుగుతో ఓడితే నష్టం తొమ్మిదిన్నర పౌండ్లు! ఆట నియమాలు కూడా ఈ కొనేవాడికే అడ్డు. ప్రతి ఇన్నింగ్స్‌లోనూ ఆతిథ్య జట్టు రెండో జట్టుగా బ్యాటింగ్ చేస్తుంది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో తన వంతు వచ్చేసరికే ఆధిక్యంలో ఉంటే ఇక బ్యాటు పట్టదు, పెరగాల్సిన తేడా అక్కడే ఆగిపోతుంది. వెనకబడి ఉండి లేచినా, గెలుపు పరుగు రాగానే మ్యాచ్ ముగుస్తుంది. బంతిని మైదానం దాటించే హోమ్ రన్‌తో ముగిస్తే తప్ప ఆ తేడా ఒక్కటే. గెలిచే జట్టును సరిగ్గా చెప్పినవాడికి యాభై పెన్నీలు దక్కే పందెం ఇంకోటి నేను చూడలేదు. ధర కట్టేవాళ్లకు ఇవన్నీ తెలుసు, అందుకే ఆ అంకె అంత చిన్నది.

సేవ విషయానికొస్తే, లెక్కలు శుభ్రంగా ఉన్నాయి. నేను కూడినవీ వాళ్లు కూడినవీ ఎక్కడా తేడా రాలేదు. మ్యాచ్ ముగిసిన కాసేపటికే ఖాతాలో పడుతోంది. ఆట మధ్యలో పందెం మూసేసే వీలుంది. 9.1 దగ్గర కొన్న మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్‌కే అయిదు పరుగులొచ్చి ధర 11.8 - 12.3కు ఎక్కితే, అప్పుడే 11.8 దగ్గర అమ్మేసి 13.50 పౌండ్లు జేబులో వేసుకోవచ్చు. మంచి సదుపాయమే, కాకపోతే అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఏడింటి మ్యాచ్ లెస్టర్‌లో అర్ధరాత్రికి మొదలవుతుంది. 2023లో బంతి విసరడానికి సమయం హద్దు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక ఆట నిడివి తగ్గింది గానీ, ఇప్పటికీ రెండున్నర గంటల పైమాటే. పొద్దున ఉద్యోగానికి వెళ్లాల్సిన కుర్రాడికి ఈ సదుపాయం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

నాకు నచ్చనివి రెండు. నష్టానికి హద్దు పెట్టుకునే మీట నాలుగు తెరల లోపల దాక్కుని ఉంది. అది మొదటి తెర మీదే ఉండాలి. ఎందుకంటే బ్రిటన్‌లో ఈ పందేలు ఆర్థిక సేవలను నియంత్రించే ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ పరిధిలోకి వస్తాయి, ఓడిన సొమ్ము చట్టప్రకారం బాకీ కిందే లెక్క. రెండోది, సంస్థ తీసుకునే రుసుము ఎక్కడా కనిపించదు. 8.7 - 9.1 మధ్య తేడా 0.4 పరుగు, ఐదు పౌండ్ల చొప్పున రెండు పౌండ్లు. కొని వెంటనే అమ్మినా ఆ రెండూ పోతాయి. రాత్రికి మూడు మ్యాచ్‌లు ఆడేవాడికి సీజన్ మొత్తానికి ఇది చిన్న మొత్తం కాదు. కమీషన్ లేదని ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేశారు.

మన రాష్ట్రంలో 2020 నుంచే ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధం, 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. కాబట్టి ఇక్కడివాళ్లు దీన్ని వెతుక్కోవద్దు. అక్కడ ఉంటూ, చట్టబద్ధంగా ఆడేవాళ్లకు మాత్రం నా మార్కులు: లెక్కల నిజాయితీకి ఐదుకు ఐదు, ధరల వెడల్పుకు రెండు, హెచ్చరికలకు ఒకటి. కలిపి చూస్తే మూడు నక్షత్రాలు. స్టేట్‌మెంట్‌లో ప్రతి పందెం పక్కన ఆ వెడల్పు ఖరీదు ఎంతో చూపే గడి ఒకటి చేరిస్తే నాలుగోది ఇస్తాను.