స్ప్లెండర్ చైను సెట్టు: 24 వేల కిలోమీటర్లు తిప్పాక

నాది 2007 మోడల్ స్ప్లెండర్ ప్లస్. ట్యాంకు మీద ఇంకా హీరో హోండా అనే ఉంటుంది. పెనుకొండ దగ్గర మా ఊళ్లో నాయన పన్నెండేళ్లు తోలి, మోకాళ్ల నొప్పులని 2019లో నాకిచ్చేశాడు. అప్పట్నుంచి బండి బెంగళూరులోనే ఉంది. యలహంకలో రూము, పీణ్యలో ఓ మెషిన్ షాపులో క్వాలిటీ పని. రోజూ రానూపోనూ ముప్పై కిలోమీటర్లకు కాస్త తక్కువ. నెలకో రెండు నెలలకో ఒకసారి 44వ నంబర్ హైవే మీద ఊరికి. ఈ ఆరేళ్లలో ఇంజన్ నన్ను ఇబ్బంది పెట్టలేదు. నా ప్రాణం తీసింది చైనే.

బండి నా చేతికొచ్చేటప్పటికే చైను గరగరమంటోంది. ఆక్సిలేటర్ వదిలితే చాలు, కింద చైను ఊగి కవరుకి టకటకా కొట్టుకునేది. ఊరెళ్తే నేను వీధి మొగలో తిరగ్గానే అమ్మ లేచి కంచం కడిగేది, అంత సద్దు. బెంగళూరులో అది సిగ్నల్ దగ్గర పక్క బండివాళ్లు తిరిగి చూసే సద్దు.

మొదట మా వీధిలోని మెకానిక్ దగ్గరికి పోయా. మదనపల్లె వైపు మనిషి, మాట మంచిది. చూసి, "ఏం ల్యాదన్నా, కవరు పీకేద్దాం, సద్దు పోతాది" అన్నాడు. పీకేశాడు. నిజంగానే పోయింది. టకటక పోయింది గానీ, ఆ కవరు లోపల ఇన్నేళ్లు నీడపట్టున బతికిన చైను పీణ్య లోపలి రోడ్ల దుమ్ములోకి, వర్షాకాలం బురదలోకి వచ్చి పడింది. స్ప్లెండర్‌కి నిలువెల్లా కవరు ఇచ్చింది అందం కోసం కాదని నాకు తెలియడానికి రెండు చైన్లు పట్టింది.

మొదటి తప్పు: చైను ఒక్కటే మార్పించా. పళ్ల చక్రాలు రెండూ పాతవే ఉంచేశాం. "ఇంకా తిరుగుతాయిలే" అన్నాడు, నేనూ నాలుగు వందలు మిగిలాయని మురిసిపోయా. ఆరు వేల కిలోమీటర్లకే ఆ చైను వేలాడిపోయింది.

ఎందుకో అప్పుడు కూర్చుని కొలిచా. వృత్తి రోగం. చైను సాగింది అంటాం గానీ, ఆ ఇనప పట్టీలు నిజానికి పెద్దగా సాగవు. లోపల పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ ఒరుసుకుని అరుగుతాయి. ఒక్కో లింకు దగ్గర మిల్లీమీటరులో పదో వంతు అరిగినా, వందకు పైగా లింకులున్న చైను సెంటీమీటరు పైనే పొడవవుతుంది. మా బండిది 428 సైజు చైను. పిన్నుకీ పిన్నుకీ మధ్య అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. కాబట్టి ఇరవై లింకులు సరిగ్గా పది అంగుళాలుండాలి. దీనికి వెర్నియర్ అక్కర్లేదు, బడి పిల్లల స్కేలు చాలు. చైను కింది భాగం బిగువుగా ఉండేలా చక్రాన్ని ముందుకి తిప్పిపట్టి, ఒక పిన్ను నడిబొడ్డు నుంచి ఇరవయ్యో పిన్ను అవతలిదాకా కాదు, ఇరవై ఖాళీలు దాటి వచ్చే పిన్ను నడిబొడ్డు దాకా కొలవాలి. ఈ లెక్కలో నేనే మొదటిసారి ఒకటి తక్కువ లెక్కపెట్టి, చైను కుంచించుకుపోయిందనుకున్నా. పది అంగుళాల మీద ఇంకో అంగుళంలో ఐదో వంతు, అంటే 259 మిల్లీమీటర్ల దాకా వచ్చిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. నాది 260 దాటింది.

కొత్త చైను అరిగిన పళ్ల మీద పడితే ప్రతి లింకూ సరిగ్గా కూర్చోక, పన్ను వాలు మీద జారి దిగుతుంది. అక్కడే అరుగుదల. ముందున్న చిన్న చక్రం వెనకదాని కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ తిరుగుతుంది, అందుకే ముందు అదే పోతుంది. అది ఇంజన్ పక్క కవరు చాటున ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. విప్పించి చూస్తే పళ్లన్నీ ఒకవైపు వంగి కొడవళ్లలా ఉన్నాయి.

రెండో తప్పు: 2020లో, చైనూ రెండు పళ్ల చక్రాలూ, మూడూ ఉన్న సెట్టే వేయించా గానీ చవకది. కంపెనీ పేరు చెప్పను. అట్ట మీద అచ్చు బానే ఉంది. కవరు మాత్రం మళ్లీ పెట్టించలేదు. లాక్‌డౌన్‌లో బండి మూలనే పడి ఉంది కాబట్టి కొన్నాళ్లు లాగింది. తర్వాత ప్రతి రెండు వారాలకూ బిగించడమే పని. అందులోనూ ఒకచోట టైటు, ఒకచోట లూజు. చక్రం తిప్పుతూ పోతే ఒక దగ్గర చైను తీగలా బిగుసుకుంటుంది, ఇంకో దగ్గర తాడులా వేలాడుతుంది. లూజు చూసి బిగిస్తే టైటు దగ్గర గేర్‌బాక్సు బేరింగు మీద భారం పడుతుంది. ఎప్పుడైనా చైను బిగించేటప్పుడు చక్రం మొత్తం తిప్పి, ఎక్కువ టైటున్న చోటే కొలత చూసుకోవాలి. "మళ్లీ మళ్లీ రాకుండా గట్టిగా పెట్టినా" అనే మెకానిక్‌కి దండం పెట్టి, అక్కడే ఓ అంగుళం ఆట వదలమనండి.

2022లో ఓ శనివారం రాత్రి ఊరికి పోతుంటే, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు ఇవతల, గేరు మార్చగానే ధబ్‌మని బండి ఊగి చైను ఊడిపోయింది. హైవే మీద లారీల గాలికి బండి కదులుతోంది, ఫోను లైటు నోట్లో పట్టుకుని కూర్చున్నా. అర కిలోమీటరు తోసుకుపోతే ఒక పంక్చరు షాపు. ఆయన చూసి, సుత్తీ మేకూ తీసుకుని రెండు లింకులు కొట్టేసి, కొసలు రెండూ కలిపే లాకు వేసిచ్చాడు. వంద అడిగాడు, రెండు వందలిచ్చా. ఆ రాత్రికి ఆయన దేవుడే. కానీ లింకులు తీయడం ఇల్లు చేరడానికే. మిగిలిన లింకులన్నీ అరిగినవే కదా, పొట్టిదైనంత మాత్రాన కొత్తది కాదు.

ఆ వచ్చే వారమే విడిభాగాల షాపులుండే జేసీ రోడ్డుకి పోయి కంపెనీ సెట్టు తెచ్చా. చైను, రెండు పళ్ల చక్రాలు, వాటితోపాటు వెనక చక్రం లోపల కుదుపు ఆపే హబ్ రబ్బర్లు, ఊరి ఇంట్లో అటక మీద నుంచి తెచ్చిన పాత కవరుకి కొత్త బోల్టులు. చవక సెట్టుకి దగ్గర దగ్గర రెట్టింపయింది. హబ్ రబ్బర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. వెనక చక్రం విప్పాక నేనే పళ్ల చక్రాన్ని పట్టుకుని అటూఇటూ ఆడిస్తే గడియారం లోలకంలా ఊగింది. లోపల రబ్బర్లు గట్టిపడి, మూలలు పొడిపొడి అయిపోయి ఉన్నాయి. గేరు మార్చినప్పుడల్లా వచ్చే ఆ ధబ్ సగం ఇక్కడిదే, ఇన్నాళ్లూ చైనుని తిట్టా. కొత్తవి సబ్బు నీళ్లు రాసి నొక్కితే గానీ దూరలేదు. లాకు క్లిప్పు మూసి ఉన్న కొస చైను నడిచే దిక్కుకి ఉండాలి. మెకానిక్ కుర్రాడు తిప్పి పెట్టాడు, పక్కనే ఉండబట్టి చూశా.

ఇప్పటికి 24 వేల కిలోమీటర్లు. మొదటి అయిదొందల కిలోమీటర్లలో ఒకసారి బాగా లూజయింది, అది కొత్త చైనుకి మామూలే. ఆ తర్వాత రెండు మూడు వేలకోసారి బిగిస్తున్నా, అంతే. సద్దు దాదాపు లేదు. అమ్మకి మాత్రం నచ్చలేదు, "దొంగ మాదిరి వస్తావేంరా" అంటుంది.

నూనె విషయంలో నా పద్ధతి ఇదీ. అయిదు వందల కిలోమీటర్లకోసారి, వర్షాల్లో అయితే వారానికోసారి, పనినుంచి వచ్చాక చైను వెచ్చగా ఉన్నప్పుడే 90 నంబర్ గేర్ ఆయిల్. కవరుకి చూడ్డానికి ఉండే రబ్బరు మూత తీసి, చక్రం చేత్తో తిప్పుతూ చుక్కలుగా వేస్తా. రాత్రంతా వదిలేస్తే పొద్దునకి లోపలికి ఇంకుతుంది. పైన గ్రీజు పూసేవాళ్లున్నారు, అది పిన్ను దగ్గరికి పోదు, దుమ్ముని మాత్రం అంటిపెట్టుకుంటుంది. ఇంజన్లోంచి తీసిన నల్ల నూనె పోసేవాళ్లు ఇనప పొడి కలిపి పోస్తున్నట్టే. ఇంకో మాట, ఇంజన్ ఆన్ చేసి గేర్లో పెట్టి గుడ్డతో చైను తుడిచేవాళ్లని మా వీధిలోనే చూశా. గుడ్డతో పాటు వేలు కూడా పోతుంది. బండి ఆపి, న్యూట్రల్లో పెట్టి, చక్రం చేత్తోనే తిప్పండి.

పిన్నుల దగ్గర రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైను వేయించుకోమని షాపులో ఒకరిద్దరు చెప్పారు. అది మామూలు చైను కంటే వెడల్పు, ధర కూడా ఎక్కువ. కవరు ఉన్న వంద సీసీ బండికి అంత అవసరం లేదని నా లెక్క. చైను బయటికి కనపడే పెద్ద బండైతే నేనూ అదే వేయిస్తా.

లోపాలు లేవని కాదు. కవరు బోల్టుల దగ్గర వాషర్లు ఆరునెలలకోసారి వదులై సన్నగా కిర్రుమంటుంది, మొదట్లో చైనే అనుకుని హడలిపోయా. చైను చూడాలంటే ఆ చిన్న రంధ్రంలోంచే చూడాలి, పూర్తిగా కడగాలంటే కవరు విప్పాల్సిందే, అరపూట పని. నిన్న ఆదివారం విప్పి కొలిచా: ఇరవై లింకులకి 257. వెనక చక్రం పళ్లు బానే ఉన్నాయి, ముందుదాని పళ్ల కొసలు కాస్త పదునెక్కాయి. చైను బిగించే అడ్జస్టర్ మీద ఇంకో రెండు గీతలు మిగిలున్నాయి. సంక్రాంతికి ఊరికి పోయేలోపు ఇంకోసారి స్కేలు పెట్టి చూసి, 258 దాటి ఉంటే జేసీ రోడ్డుకి పోతా.