ఓబర్‌సాల్జ్‌బర్గ్: పైన ఈగిల్స్ నెస్ట్ సరే, ముందు కింద బంకర్ చూడండి

మ్యూనిక్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన మన పెద్దవాళ్లని వేసవిలో తప్పకుండా తిప్పే చోట్లలో, ఆల్ప్స్ కొండల్లో ఓబర్‌సాల్జ్‌బర్గ్ పైన ఉన్న ఈగిల్స్ నెస్ట్ ఒకటి. "హిట్లర్ ఇల్లు చూసొచ్చాం" అని స్టేటస్‌లో ఫొటోలు పెడతారు. మా అమ్మాయి కూడా ఆ పేరు చెప్పే బయల్దేరదీసింది. సర్వీసంతా హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి కదా, ఒక్క షరతు పెట్టాను: ముందు కింద మ్యూజియం, బంకర్లు; టైం మిగిలితేనే కొండ మీదికి. మీకూ అదే చెప్తాను.

అసలు పైన ఉన్నది హిట్లర్ ఇల్లే కాదు. ఈగిల్స్ నెస్ట్‌కి జర్మన్‌లో పేరు కేల్‌స్టైన్‌హౌస్. 1834 మీటర్ల ఎత్తున, అతిథులకి మర్యాదలు చేయడానికని హిట్లర్ కుడిభుజం లాంటి నాజీ నాయకుడు మార్టిన్ బోర్మన్ కట్టించాడు. హిట్లర్ అక్కడికి వెళ్లింది కొద్దిసార్లే. అతను మకాం పెట్టింది కింద, ఓబర్‌సాల్జ్‌బర్గ్‌లోని బెర్గ్‌హోఫ్‌లో. అధికారంలో ఉన్న పన్నెండేళ్లలో పావు వంతుకు పైగా అక్కడే గడిపాడు. మ్యూజియం ఉన్నది ఆ బెర్గ్‌హోఫ్‌కి కాస్త దూరంలోనే.

మ్యూజియం పేరు డొక్యుమెంటేషన్ ఓబర్‌సాల్జ్‌బర్గ్. 1999లో పెట్టారు, 2023లో కొత్త బిల్డింగ్‌లో ప్రదర్శనంతా కొత్తగా అమర్చారు. వివరాలు జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. మొదట కనిపించేవి హిట్లర్ సొంత ఫొటోగ్రాఫర్ హైన్‌రిక్ హాఫ్‌మన్ తీసిన ఫొటోల్లాంటివి: కొండల ముందు కుక్కతో హిట్లర్, పిల్లల బుగ్గలు నిమిరే హిట్లర్. ఆ రోజుల్లో వాటిని పోస్టుకార్డులేసి ఊరూరా అమ్మారు. అలా హిట్లర్ పక్కన నవ్వుతూ ఫొటోలకెక్కిన ఒక పాపకి అమ్మమ్మ యూదురాలు. 1938లో ఆ ఇంటితో రాకపోకలు తెంచేశారు. ఫొటోల ముందు నిలబెట్టి ఈ కథ చెప్తే మా అమ్మాయి, "నాన్నా, నువ్వు గైడ్‌గా చేరిపో, ఇంట్లో ఖాళీగా ఎందుకు" అంది.

నాకు నచ్చిందేమిటంటే, ఆ ఫొటోల దగ్గరే వదిలెయ్యరు. ఈ కొండ మీద మొదట ఉన్న ఊరు ఏమైందో చెప్తారు. నాలుగు వందల మంది దాకా ఇళ్లూ పొలాలూ పోగొట్టుకున్నారు. అమ్మనని మొండికేసిన ఒకతన్ని డాఖౌ నిర్బంధ శిబిరానికి తోలేశారు. 1939 ఆగస్టు 22న సైన్యాధికారుల్ని ఇక్కడికే పిలిచి పోలండ్ మీద దాడి సంగతి చెప్పాడు హిట్లర్. సెప్టెంబర్ 1న యుద్ధం మొదలైంది. అంతకు ఏడాది ముందు బ్రిటిష్ ప్రధాని ఛాంబర్లేన్ విమానమెక్కి వచ్చి హిట్లర్‌ని కలిసింది కూడా బెర్గ్‌హోఫ్‌లోనే. అప్పుడాయనకి 69 ఏళ్లు, నా ఈడే. ఆ రాకపోకల చివర, చెకోస్లొవేకియాలో ఒక ముక్కని హిట్లర్‌కి అప్పజెప్పిన మ్యూనిక్ ఒప్పందాన్ని పిల్లలకి రెండు మార్కుల ప్రశ్నగా చెప్పేసి దాటేసేవాళ్లం.

ఇక బంకర్. మ్యూజియంలోంచే దిగాలి. దిగగానే చలి ఎముకల్లోకి పాకుతుంది. బయట ఎండ కాస్తున్నా స్వెట్టర్ ఉండాలి. మెట్ల చివర ఎదురు గోడలో జానెడు కన్నం ఉంది. మెషిన్ గన్ పెట్టడానికి. దిగేవాడి గుండెకి సరిగ్గా గురి కుదిరేలా కట్టారు. అక్కడ కాసేపు ఆగి పక్కకి జరిగి చూశాను. ఎటు జరిగినా తప్పించుకునే చోటు లేదు. లోపల సామానేమీ ఉండదు. యుద్ధం అయిపోయాక సైనికులూ చుట్టుపక్కలవాళ్లూ దొరికింది దొరికినట్టు పట్టుకుపోయారు. మిగిలింది కాంక్రీటు, తడి వాసన, గోడల మీద వచ్చిపోయినవాళ్లు గీకిన పేర్లు. మన కోటల్లో కనిపించే రాతల జబ్బు అక్కడా ఉంది.

ఈ తవ్వకం 1943లో ఊపందుకుంది. స్టాలిన్‌గ్రాడ్‌లో ఓడిపోయిన ఏడాది అది. బయట ఫొటోల్లో నవ్వులు, కింద విదేశీ కూలీలతో సొరంగాలు. మొత్తం ఆరు కిలోమీటర్లకు పైనే తవ్వించారు. మనకి చూపించేది అందులో చిన్న ముక్క. 1945 ఏప్రిల్ 25న మూడు వందలకు పైగా బ్రిటిష్ బాంబర్లు వచ్చిపడ్డప్పుడు వేల మంది ఈ సొరంగాల్లో దాక్కున్నారు. ఎవరి కోసం తవ్వారో ఆ మనిషి మాత్రం అప్పుడు బెర్లిన్‌లో ఇంకో బంకర్లో ఉన్నాడు.

బెర్గ్‌హోఫ్‌ని 1952లో పేల్చేశారు. ఇప్పుడు చెట్ల మధ్య వెనకవైపు రిటైనింగ్ వాల్ ఒకటి, దగ్గర్లో ఒక బోర్డు. ఐదు నిమిషాలు చాలు.

కేల్‌స్టైన్‌హౌస్‌కి సొంత కారు వెళ్లనివ్వరు, ప్రత్యేకం బస్సు ఎక్కాలి. దిగగానే కౌంటర్లో తిరుగు బస్సు టైం రాయించుకోండి, ఆనక కంగారు పడొద్దు. కొండలోకి తొలిచిన సొరంగంలో నడిచి వెళ్తే ఇత్తడి రేకుల లిఫ్టు వస్తుంది. తళతళా మెరుస్తుంది, 124 మీటర్లు చకచకా ఎక్కేస్తుంది. పైన రెస్టారెంటు. ముసోలిని ఇచ్చిన ఎర్ర పాలరాతి ఫైర్‌ప్లేస్ అంచులు చెక్కలు చెక్కలుగా ఊడి ఉన్నాయి, గుర్తుగా సైనికులు కొట్టుకుపోయారట. సీనరీకి వంక పెట్టలేం. మా ఆవిడకి అదే నచ్చింది, కాదనను. కానీ చరిత్ర కోసం వెళ్తే అక్కడ దొరికేది బీరూ, కేకూ, క్యూ. ఖర్చు కూడా చూసుకోండి: పైకి వెళ్లే బస్సు టికెట్‌లో చిన్న వంతుకే మ్యూజియం చూసెయ్యొచ్చు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బంకర్ మెట్ల సంగతి ముందే కనుక్కోండి. మ్యూనిక్ నుంచి రైల్లో ఫ్రైలాసింగ్‌లో మారి బెర్ఖ్‌టెస్‌గాడెన్, అక్కడి నుంచి బస్సు. నలుగురైతే బవేరియా డే టికెట్ కిట్టుబాటు, కానీ పైన కొండ బస్సుకి అది చెల్లదు. మ్యూజియానికి కనీసం మూడు గంటలు పెట్టుకోండి. చలికాలంలో మంచు వల్ల పైన మూసేస్తారు, మ్యూజియం తెరిచే ఉంటుంది, సోమవారాలు తప్ప. పిల్లలు డిసెంబర్లో రమ్మన్నా నేను మాత్రం ఇక్కడికి వద్దనను.