మెట్ల లెక్క, తొట్టి లెక్క: బాల్జాక్, జోలా

ఫ్రెంచ్ నవలాకారుడు బాల్జాక్ ‘పెర్ గోరియో’ (1835) నవలలో ఎవరు ఏ వర్గమో తెలియాలంటే మెట్లు లెక్కపెట్టాలి. విప్లవకాలపు కరువులో పిండి అమ్మి గడించిన సేమియా వ్యాపారి గోరియో, పారిస్‌లో ఒక బోర్డింగ్ ఇంట్లో మొదటి అంతస్తులో దిగుతాడు. ఏడాదికి 1,200 ఫ్రాంకులు. తర్వాత రెండో అంతస్తు, 900. ఆపైన మూడోది, నెలకు 45, అంటే ఏడాదికి 540. కూతుళ్లకు పెట్టేకొద్దీ మనిషి పైకి, మర్యాద కిందికి. (లిఫ్టు లేని రోజులు, పై గదులే చవక.)

మరో ఫ్రెంచ్ నవలాకారుడు జోలా ‘జెర్మినాల్’ (1885)లో పట్టుకున్నది కూలి పద్ధతిని. రాయడానికి ముందు, 1884లో, ఆయన ఉత్తర ఫ్రాన్స్‌లోని ఆంజాన్ బొగ్గు గనిలోకి దిగి చూశాడు. నవలలో కూలి బొగ్గు తొట్టి లెక్కన. అందుకే కప్పుకు దుంగలు నిలబెట్టే పనికి ఎవరూ సమయం పెట్టరు; కప్పు కూలుతుంది. కంపెనీ దుంగల పనికి విడిగా కూలి ఇస్తానంటూ తొట్టి రేటును 50 సెంటీముల (ఫ్రాంకులో నూరో వంతు ఒక సెంటీము) నుంచి 40కి దించుతుంది. ఆ విడి కూలి కోతను పూడ్చదు. సమ్మె మొదలవుతుంది. అదే గనిలో వాటా ఉన్న గ్రెగ్వార్ కుటుంబం మాత్రం కాలు కదపకుండా ఏటా 40,000 ఫ్రాంకులు తింటుంది.

మనిషి స్వభావం రక్తంలోనే వస్తుందనే జోలా వంశపారంపర్య సిద్ధాంతం అక్కడక్కడ విసిగిస్తుంది. అయినా శ్రమ ఎలా జరుగుతుందో చూడాలంటే ఆయన్నే చదవాలి. బాల్జాక్ బోర్డింగ్‌లో పనిచేసే చేతులు దాదాపు వంటింటి దగ్గరే ఆగిపోతాయి.