స్పిట్‌ఫైర్ చేద్దామనుకుంటే 1/72 మేలా, 1/48 మేలా?

1/72 మోడల్ అంటే పొడవులో అసలు విమానానికి 72వ వంతు, 1/48 అంటే 48వ వంతు. యుద్ధ విమానాల ప్లాస్టిక్ మోడళ్ళు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది ఒకటే లెక్క వేసుకుంటారు. చిన్న విమానం కాబట్టి పనీ చిన్నదే, ముందు 1/72తో చెయ్యి తిప్పుకుని తర్వాత పెద్దదానికి వెళ్దాం అని. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇన్నేళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే మాత్రం దీనికి తలకిందులుగా చెబుతున్నాను. మొదటి విమానం 1/48లో చేయండి, 1/72 తర్వాత చూసుకోవచ్చు.

ముందు కొలతలు చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌లో మొదటి రకం మార్క్ 1. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 11.23 మీటర్లు. 1/72లో అది 156 మిల్లీమీటర్లు, చాచిన అరచేతి మీద నిలబడుతుంది. 1/48లో 234 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా జానెడు. పొడవులో తేడా ఒకటిన్నర రెట్లే కదా అనిపిస్తుంది. రెండూ పూర్తిచేసి పక్కపక్కన పెడితే ఎక్కడా పోలిక ఉండదు. రెక్క మీద రంగు వేయాల్సిన జాగా రెండుంపావు రెట్లు, విమానం మొత్తం పరిమాణం మూడు రెట్లకు పైనే పెరుగుతాయి. చేతికి తగిలే తేడా అదే.

ఈ కొలతలు ఎవరో ఊరికే ఎంచుకున్నవి కావు. 1/72 అంటే ఒక అంగుళానికి ఆరడుగులు. 1936లో బ్రిటన్‌లో వచ్చిన ఫ్రాగ్ కంపెనీ పెంగ్విన్ ప్లాస్టిక్ కిట్లు (విడిభాగాల పెట్టెలు) ఈ కొలతలోనే ఉండేవి. యుద్ధకాలంలో శత్రువు విమానాన్ని ఆకాశంలో చూసి గుర్తుపట్టడం నేర్పడానికి చేసిన నమూనాలూ ఇదే కొలతలో తయారయ్యాయి. 1/48 అంటే పావంగుళానికి ఒక అడుగు, ఇంటి ప్లాను గీసేవాళ్ళు వాడే లెక్క.

ఇక అసలు సంగతికొద్దాం. చిన్న మోడల్‌లో పొరపాటు చిన్నది కాదు, పెద్దదవుతుంది. ఫ్యూజలాజ్ (విమానం మొండెం) రెండు సగాలు అతికించేటప్పుడు అతుకు అర మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. 1/48లో అది అసలు విమానం మీద 24 మిల్లీమీటర్ల తేడాతో సమానం, 1/72లో 36 మిల్లీమీటర్లు. రేకుల మధ్య గీతలకూ ఇదే లెక్క. అచ్చులో గీత వెడల్పు 0.2 మిల్లీమీటర్లు ఉంటే 1/48లో దాదాపు ఒక సెంటీమీటరు సందుకు, 1/72లో ఒకటిన్నర సెంటీమీటర్ల సందుకు లెక్క. అందుకే చాలా 1/72 విమానాల మీద గీతలు నాగటిచాళ్ళలా కనిపిస్తాయి. మన చెయ్యి, మన గ్లూ చుక్క, మన రంగు పొర మోడల్‌తో పాటు చిన్నవి కావు కదా!

నా మొదటి 1/72 హరికేన్ (ఇంకో బ్రిటిష్ ఫైటర్) రెక్క కింద ఉండే పీటో గొట్టం, అదే గాలి వేగం కొలిచే సన్నటి గొట్టం, నాకింకా గుర్తుంది. అర మిల్లీమీటరు మందం, వెంట్రుకకు అన్నయ్యలా ఉంటుంది. స్ప్రూ (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కత్తిరించగానే ట్వీజర్ల మధ్య నుంచి టప్పున ఎగిరిపోయింది. నేలమీద టార్చి పెట్టి, వంగి, గంటసేపు వెతికాను. దొరికింది గానీ అప్పటికి నా మోకాలి కింద నలిగి విరిగింది. చివరికి సన్నటి స్టీలు తీగ ముక్క కోసి పెట్టాను. 1/48లో అదే భాగం వేళ్ళతో పట్టుకోవచ్చు, అచ్చు గీతను బ్లేడుతో గీకి శుభ్రం చేయొచ్చు, తిన్నగా కూర్చుందో లేదో కంటితో చూసి సరిచేయొచ్చు. నేర్చుకునేవాళ్ళకు కావాల్సింది ఆ ‘సరిచేయొచ్చు’ అన్నదే.

కాక్‌పిట్ దగ్గర ఈ రెండు కొలతల దారులూ పూర్తిగా వేరు. ఆరడుగుల పైలట్ 1/72లో పాతిక మిల్లీమీటర్లు, 1/48లో 38. డ్యాష్‌బోర్డు మీద గడియారాల్లాంటి మీటర్లు 1/72లో ఒక్కొక్కటి మిల్లీమీటరు పైచిలుకే. డెకాల్ (నీళ్ళలో నానబెట్టి అతికించే అచ్చుబొమ్మ) అతికించి ఊరుకోవాలి, మూత పెట్టాక ఎలాగూ కనపడదు. 1/48లో మాత్రం స్పిట్‌ఫైర్ గుండ్రటి స్టీరింగ్ పిడి, సీటు బెల్టుల మడత, ఎడమ పక్క థ్రాటిల్ అన్నీ బయటి నుంచే కనిపిస్తాయి. నల్లటి మీటరు అంచుల మీద కాస్త వెండిరంగు పొడిబ్రష్‌తో (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో) రాస్తే అక్షరాలు వాటంతటవే పైకి తేలి వస్తాయి. ఆ క్షణం కోసమే నేను ఈ పని చేస్తున్నానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

కానొపీ (పైలట్ మీది గాజు మూత) మాస్కింగ్, అంటే రంగు అంటకుండా గాజును టేపుతో కప్పడం గురించి కూడా చెప్పాలి. జపాన్ జీరో విమానం కానొపీ నిండా ఫ్రేములే, కిటికీ ఊచల్లా. ఒక్కొక్క గాజు పలకకూ టేపు ముక్క కోసి, పుల్లతో అంచులు నొక్కాలి. 1/48లో ఒక సాయంత్రం పని. 1/72లో ఫ్రేము అర మిల్లీమీటరు కూడా ఉండదు, ముందే కోసి అమ్మే మాస్కులు కొనుక్కోవడమే మంచిది.

ఇంతవరకూ చదివితే 1/72 ఎందుకూ పనికిరాదనిపించవచ్చు. అలా అనుకోకండి. రంగు దగ్గరికి వచ్చేసరికి తక్కెడ అటు మొగ్గుతుంది. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న పరికరం) లేనివాళ్ళకు 1/48 రెక్క నిజమైన పరీక్ష. అంత జాగా మీద బ్రష్ గీతలు పడకుండా ముదురు ఆకుపచ్చ రంగు పూయాలంటే పల్చగా కలిపి, ఆరనిచ్చి, మూడు నాలుగు పూతలు వేయాలి. అప్పటికీ వెలుతురు పక్క నుంచి పడితే గీతలు కనిపిస్తాయి. 1/72 రెక్క నాలుగు చేతి ఊపుల్లో అయిపోతుంది. రెండు రంగులు కలిసే అంచు సంగతీ అంతే. అసలు విమానం మీద స్ప్రే మసక రెండు మూడు సెంటీమీటర్లు ఉందనుకుంటే 1/72లో అది అర మిల్లీమీటరు కూడా రాదు. బ్రష్‌తో గీసిన గట్టి అంచే సరిపోతుంది. ఇది బ్రిటిష్ విమానాలకు వర్తించే మాట. జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109 పక్కల మీద ఉండే మసక మచ్చలు కావాలంటే ఏ కొలతలోనైనా ఎయిర్‌బ్రష్ ఉండాల్సిందే, 1/72లో అయితే ఎయిర్‌బ్రష్ మీద మంచి పట్టూ ఉండాలి. ఇంకో చిన్న మాట: మోడల్ ఎంత చిన్నదైతే రంగు అంత ముదురుగా కనిపిస్తుంది. 1/72కి డబ్బాలో రంగు యథాతథంగా వేయకుండా కాస్త తెలుపో, లేత గోధుమో కలపండి.

షెల్ఫు మీద చోటు అందరికీ తెలిసిందే, దాని గురించి సాగదీయను. దానికన్నా పెద్ద కారణం ఒకటుంది. యుద్ధ విమానాలు ఒంటరిగా ఎగరలేదు. లాంకాస్టర్ బాంబర్ రెక్కలు 31 మీటర్లు. 1/72లో 43 సెంటీమీటర్లు, మేజా బల్ల మీద పడుతుంది. 1/48లో 65 సెంటీమీటర్లు, దానికి వేరే గదే చూడాలి. ఫైటర్ పక్కన బాంబర్‌నీ పెట్టి ఆ రెండింటి మధ్య తేడా కళ్ళారా చూడాలంటే 1/72 ఒక్కటే దారి. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, దానికి నిదర్శనం ఈ కొలతే.

1/32 సంగతి అడిగేవాళ్ళుంటారు. బాగుంటుంది, కానీ మొదటి పదిలో చేయాల్సింది కాదు. భాగాల సంఖ్య చూసే ఆగిపోయిన పెట్టెలు చాలా చూశాను.

ఏ కిట్ అంటే, 1/48లో తామియా కంపెనీ 2018లో తెచ్చిన స్పిట్‌ఫైర్ మార్క్ 1 చెబుతాను. రెక్క ఫ్యూజలాజ్‌కు ఆనించగానే సరిగ్గా కూర్చుంటుంది, పుట్టీ (సందులు పూడ్చే ముద్ద) అవసరం దాదాపు రాదు. అదే కంపెనీ 1995 నాటి మస్టాంగ్ పి-51డి కూడా ఇప్పటికీ హాయిగా కుదురుతుంది. 1/72కి మారే రోజు వచ్చాక ఎడువార్డ్ కంపెనీ స్పిట్‌ఫైర్ మార్క్ 9 తీసుకోండి. దాని గీతలు, రివెట్లు చూస్తే ఈ కొలతలో ఇంత సాధ్యమా అనిపిస్తుంది. అయితే భాగాలు చాలా చిన్నవి, భూతద్దం దగ్గర పెట్టుకోవాలి.

నాకైతే 1/48లో రెండు మూడు చేశాకే 1/72 మీద భయం పోయింది. అతుకు ఎక్కడ తెరుచుకుంటుందో, గ్లూ ఎంత చాలో వేళ్ళకు తెలిసింది. ఆ తర్వాత చేసిన 1/72 హరికేన్‌కు పీటో గొట్టం కిట్‌లోదే పెట్టాను. అది ఇప్పుడు లాంకాస్టర్ ఎడమ రెక్క కింద నిలబడి ఉంది.