శాట్ ఛాంబర్‌లో ఉండి పనిచేయడం: ఏళ్ల తరబడి ఉన్నవాడి మాట

కృష్ణలో ఈత నేర్చి డైవింగ్ కోర్సులో చేరదామనుకునే విజయవాడ కుర్రాళ్లు నన్ను జీతం గురించే అడుగుతారు. ఉండే గది సంగతి ఎవరూ అడగరు. ముంబై దగ్గర సముద్రంలోని చమురు క్షేత్రం బాంబే హైలో చాలా ఏళ్లుగా శాచురేషన్ డైవింగ్ చేస్తున్నాను, అంటే రోజుల తరబడి ఒత్తిడి పెంచిన గదిలోనే ఉంటూ లోతు నీళ్లలో పనిచేయడం. శాట్ ఛాంబరంటే ఆ గదే. అందుకే చెబుతున్నా.

1962లో ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు కూస్తో బృందంలో ఇద్దరు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ దగ్గర సముద్రంలో 10 మీటర్ల లోతున ఇల్లు పెట్టుకుని వారం ఉన్నారు. మా ఇల్లు ఓడ మీదే ఉంటుంది, లోపలి ఒత్తిడి మాత్రం పనిచేసే లోతుది. 70 మీటర్లంటే బయట గాలికి 8 రెట్లు. బెల్‌లో, అంటే మమ్మల్ని నీళ్లలోకి దించే మూసిన తొట్టిలో, దిగి పనిచేసి మళ్లీ అదే ఒత్తిడిలోకి వస్తాం. ఒళ్లు ఒకసారి గ్యాస్‌తో నిండాక వారమున్నా, 28 రోజులున్నా డీకంప్రెషన్, అంటే ఒత్తిడిని మెల్లగా మామూలుకి తగ్గించడం, ఒకటే: 3 రోజుల పైన. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే.

పీల్చేది హీలియం, అందులో ఆక్సిజన్ 5 శాతం దాకా. హీలియం ఒంట్లో వేడిని లాగేస్తుంది, అందుకే గది 30 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కాస్త తగ్గినా వణుకే. గొంతు కీచుమంటుంది. ఫోన్లో అమ్మకి నా మాట సగం అర్థం కాదు, మెసేజ్‌లే పెడతాను. తేమకి చెవుల్లో ఇన్ఫెక్షన్ వస్తుంది, చుక్కలు మానకూడదు.

అన్నం చిన్న లాక్‌లోంచి, అంటే గది గోడకున్న రెండు తలుపుల అరలోంచి వస్తుంది. అక్కడ నాలుక మొద్దుబారుతుంది, కూరలన్నీ చప్పగా తోస్తాయి. గుంటూరు కారం, గోంగూర పచ్చడి లేకపోతే నాకు ముద్ద దిగదు. సీసా మూత వదులు చేసి పంపమని ముందే చెప్పాలి. బిగించి పంపితే ఒత్తిడికి మూత లోపలికి నొక్కుకుపోయి రానే రాదు, సీసా పగిలినా పగలొచ్చు. థర్మాస్ ఫ్లాస్కయితే పంపనే కూడదు.

టాయిలెట్ ఫ్లష్ చేయాలన్నా బయట లైఫ్ సపోర్ట్ వాళ్లకి చెప్పాలి, వాళ్లొక వాల్వు తిప్పితే మనమొకటి తిప్పుతాం. గాలి, నీళ్లు, వేడి అన్నీ వాళ్ల చేతుల్లోనే. మంచి టీమ్ దొరికితే ఆ ఇరుకు పెద్ద బాధ అనిపించదు. కానీ ఇంట్లో ఎంత ఆపద వచ్చినా ఆ 3 రోజులూ గడవనిదే తలుపు తెరవరు. పెళ్లాం బిడ్డలున్నవాళ్లు ఈ సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాకే సంతకం పెట్టాలి.

ఓడకు హైపర్‌బారిక్ లైఫ్‌బోట్ ఉందో లేదో కూడా అడగండి. నిప్పంటుకుంటే ఒత్తిడి తగ్గకుండా మనల్ని బయటికి చేర్చేది అదే. సూటిగా జవాబు చెప్పకపోతే ఆ ఓడ ఎక్కొద్దు.